మా పెదనాన్న జావాను మళ్ళీ నడిపించిన పాలకొల్లు మేస్త్రిగారి షెడ్డు

ఏళ్ళ తరబడి మూలపడిన పాత టూస్ట్రోక్ బండి మీ ఇంట్లో ఉంటే, దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలన్న కోరిక మీకుంటే, పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో కాలువ గట్టుకు ఆనుకుని ఉన్న ఒక రేకుల షెడ్డు గురించి చెప్పాలి. దానికి బోర్డు లేదు. మేస్త్రిగారు తన పేరూ ఫోను నంబరూ ఎక్కడా రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు. గట్టు మీద ఎవరినైనా జావా మేస్త్రి అని అడిగితే చూపిస్తారు. ఇంజిన్ పనిలో నేను చూసిన వాళ్ళందరిలోకీ నిజాయతీపరుడు, ఓపికమంతుడు ఆయన. చెప్పిన తేదీకి పని ముగించే విషయంలో మాత్రం ఆయన మీద ఆశ పెట్టుకోకండి.

బండి 1970ల మొదట్లో కొన్న జావా 250 మోటారు సైకిలు. మెరూన్ రంగు, టాంకుకు రెండు పక్కలా క్రోము పలకలు, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుంచి తయారుచేసిన బళ్ళలో ఒకటి. మా పెదనాన్న అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి. తోటల వెంట తిరిగి కాయ బేరం చేయడానికి ఈ బండే వాడేవారు. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా నేలకూలాయో ఆ తరం వారికి వేరే చెప్పనక్కర్లేదు. మా గోదాం పైకప్పు లేచిపోయి బండి వానలో నానింది. చెట్లే లేనప్పుడు ఇక బేరాలేమిటి, తిరగడమేమిటి? పెదనాన్న దాన్ని కురిడీ (ఎండు కొబ్బరికాయ) నిల్వ చేసే అటక కిందకు నెట్టించి గోనె పట్టా కప్పించారు. మైసూరు కర్మాగారం మూతపడిందీ ఆ ఏడాదే. పెదనాన్న పోయాక అన్నయ్య దాన్ని పాత ఇనుము కింద అమ్మేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. కళ్ళెదుట ఉన్న యంత్రం ఎందుకు ఆగిందో తెలుసుకోకుండా కిలోల లెక్కన తూచి ఇచ్చేయడానికి మనసొప్పలేదు.

మొదట ఒక పట్నంలోని గ్యారేజీ వాళ్ళను పిలిపించాను. వాళ్ళు కిక్కు కదలదని చూసి, ఇంజిన్ పట్టేసింది కాబట్టి పక్కన పెట్టి వేరే పాత ఇంజిన్ ఎక్కిస్తామన్నారు. క్రోము, రంగు, సీటు కలిపి పెద్ద అంచనా రాసిచ్చారు. అంచనా కాగితం మీద రంగుకు చోటు చాలా ఉంది, ఇంజిన్‌కు ఒకే ఒక్క పంక్తి. ఇంజిన్ మారిస్తే ఆర్సీ పుస్తకంలో ఉన్న ఇంజిన్ నంబరు సంగతేమిటని అడిగితే సమాధానం రాలేదు. అక్కడితో ఆ మాట వదిలేశాను.

పాలకొల్లు మేస్త్రిగారి దగ్గరకు బండిని మినీ వ్యానులో, దిండి మీదుగా చించినాడ వంతెన దాటించి తీసుకెళ్ళాను. వ్యాను వెంట వచ్చిన కుర్రాడు హుషారుగా కిక్కు మీద కాలు వేయబోయాడు. మేస్త్రిగారు అక్కడి నుంచే కేకేశారు. నాతో మాత్రం నెమ్మదిగా అన్నారు: "కిక్కు కొట్టనివ్వకండి టీచరుగారూ. లోపల తుప్పు ఉంటే పిస్టన్ రింగులు బోరును, అదే సిలిండర్ లోపలి గోడను, గీసేస్తాయండి. ఇన్నాళ్ళు ఆగిన బండి, ఇంకో వారం ఆగితే నష్టమేమీ లేదు."

ఈ ఒక్క మాటతోనే నాకు ఆయన మీద గురి కుదిరింది. ఇంతకు ముందు బండిని చూసిన ప్రతివారూ దాన్ని ఎలాగైనా స్టార్ట్ చేయాలనే చూశారు. తాడు కట్టి లాగుదామన్న వాళ్ళూ ఉన్నారు. ఈయన మాత్రం ముందు విప్పి చూడాలన్నారు. ఈ షెడ్డులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇక్కడ ఏ పని అయినా చూడటంతో మొదలవుతుంది.

షెడ్డుకు తిండి పెట్టేది జావాలు కాదు. చుట్టుపక్కలంతా చేపల, రొయ్యల చెరువులు. చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్ల గేరుబాక్సులు, డీజిల్ జనరేటర్లు, పడవ ఇంజిన్లు ఆయన రోజువారీ పని. ఉప్పుగాలికి, బురద నీటికి ఇనుము ఎలా తినేసుకుపోతుందో ఆయన చేతులకు బాగా తెలుసు. డెల్టాలో మూలపడిన బండికీ, రాయలసీమలో మూలపడిన బండికీ జబ్బులు ఒకటి కావంటారు. అక్కడ రబ్బరు ఎండి పగులుతుంది. ఇక్కడ చెమ్మ ఇంజిన్ లోపలికి చేరి కూర్చుంటుంది.

విప్పుతున్నప్పుడు నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నారు. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ మూతి నిండా కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు ఉంది. సిలిండర్ రెక్కల మధ్య కొబ్బరి పీచు దట్టంగా పేరుకుపోయింది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి డీజిలు పోసి కొన్నాళ్ళు నాననిచ్చారు. తరువాత సిలిండర్ మీది మూత, అంటే హెడ్డు, తీసి, పిస్టన్ మీద కర్ర దిమ్మె పెట్టి చిన్న సుత్తితో తట్టి కదిలించారు. పైభాగం భయపడినంత చెడ్డగా లేదు. రింగులు గాడిలో అతుక్కుపోయాయి, బోరులో ఒక పక్క తుప్పు చార ఉంది.

అంతవరకు చూసి చాలామంది పైభాగం బాగుచేసి బిగించేస్తారు. ఖర్చు సగానికి తగ్గుతుంది, బండి స్టార్ట్ కూడా అవుతుంది. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. ఇంజిన్ పూర్తిగా దించి క్రాంక్‌కేసును, అంటే పిస్టన్ కింద తిరిగే క్రాంక్ ఇరుసు ఉండే పెట్టెను, రెండుగా విడదీయాలన్నారు. నేను కారణం అడిగాను. ఆయన చెప్పింది నేను తరగతిలో చెప్పదగిన పాఠం. టూస్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ ఉండే గది కూడా పంపులా పనిచేస్తుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు అక్కడికి వచ్చి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఒత్తిడికి గురై పైకి వెళుతుంది. కాబట్టి ఆ గది గాలి చొరనంత బిగువుగా ఉండాలి. క్రాంక్ రెండు చివర్లా ఉండే రబ్బరు సీళ్ళదే ఆ బాధ్యత. కుడి పక్క, డైనమో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది, మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కి మళ్ళీ పట్టేస్తుంది. ఎడమ పక్క, క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి లాగి తెల్లటి పొగ చిమ్ముతుంది. వాడకం లేకుండా పడి ఉన్న రబ్బరు గట్టిపడి అంచు పట్టు వదిలేస్తుంది. పైన ఎంత కొత్త పిస్టన్ వేసినా కింద సీళ్ళు పాతవైతే ఆ పిస్టన్‌కూ అదే గతి.

కేసు విడదీశాక ఆయన ఊహ నిజమైంది. అడుగున చెమ్మ నిలిచిన చోట క్రాంక్ చక్రాల మీద ఎర్రటి గీత ఉంది. కనెక్టింగ్ రాడ్డు కింది పిన్ను మీద, రోలర్లు కూర్చున్న చోట, ఆవగింజలంత గుంటలు పడ్డాయి. ఆయన నా వేలు పట్టించి తడిమించారు. గోరు ఆ గుంటల్లో తగులుతోంది. ఈ పిన్నుతో బండి కొద్ది దూరం తిరిగేది, ఆ తరువాత రాడ్డు విరిగి కేసు పగిలేది. సీళ్ళను చూపుడువేలుతో వంచితే పటుక్కున విరిగాయి.

క్రాంక్‌ను ప్రెస్సు మీద విడదీసి కొత్త రాడ్డు, పిన్ను వేయించే పని, బోరింగు పని బయట లేతు దుకాణంలో చేయిస్తారు. సిలిండర్ పోత ఇనుముది కావడం మన అదృష్టం, బోరు కొట్టించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. పిస్టన్, రింగులు, సీళ్ళు మైసూరు నుంచి తెప్పించారు. వచ్చిన మొదటి పిస్టన్ మీద పోత సరిగా లేదని తిప్పి పంపడం నేను చూశాను. దాని వల్ల మరింత ఆలస్యమైంది, నాకు మాత్రం కోపం రాలేదు. రింగు చివర్ల మధ్య గాడిలో ఒక చిన్న మేకు ఉంటుంది. రింగు తిరిగిపోయి దాని కొన సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వచ్చిపోయే కిటికీలో ఇరుక్కోకుండా కాపాడేది అదే. అలాంటి మేకులన్నీ గట్టిగా ఉన్నాయో లేదో భూతద్దంతో చూసిన మనిషి ఈయన.

పెట్రోలు టాంకులో పొలుసులుగా తుప్పు ఉంది. తెల్ల వెనిగర్ నింపి, పాత సైకిలు గొలుసు ముక్క వేసి ఊపుతూ రెండు మూడు సార్లు మార్చారు. తరువాత వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, వెంటనే లోపలంతా టూటీ ఆయిలు (టూస్ట్రోక్ బళ్ళకు పెట్రోలులో కలిపేది) పట్టించారు. లేకపోతే శుభ్రమైన ఇనుము మన గాలికి మర్నాటికే మళ్ళీ ఎర్రబడుతుందట. సైలెన్సర్ల లోపలి గొట్టాలు బయటకు లాగితే ఒక దానిలో ఎలుక గూడు, రెండో దానిలో గట్టిపడిన మసి. గొట్టాలను మంటలో కాల్చి, కాస్టిక్ సోడా నీళ్ళలో ఉంచి తోమారు. బయటి క్రోము పొట్టులేచినా దాన్ని ముట్టుకోలేదు. రంగు జోలికి కూడా పోలేదు. టాంకు మీద పెదనాన్న మోకాళ్ళు తగిలి నునుపెక్కిన చోట్లు అలాగే ఉన్నాయి. నేను కోరుకున్నదీ అదే.

ఇప్పుడు టైమింగ్, అంటే ప్లగ్గులో రవ్వ ఏ క్షణాన పడాలన్న సంగతి. ఈ బండిలో ఆరు వోల్టుల డైనమో, పాయింట్లు (ఇంజిన్ తిరిగేటప్పుడు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్చి), కండెన్సర్. వీటిని తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని చాలామంది సలహా ఇచ్చారు. మేస్త్రిగారు వద్దన్నారు. పాయింట్లు మొరాయిస్తే దారి పక్కన నిలబడి ఎమరీ కాగితంతో రుద్దుకుని ఇంటికి రావచ్చు, ఆ ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోతే వ్యాను పిలవాల్సిందే అన్నారు. నేను ఆయన వైపే.

ఆయన టైమింగ్ పెట్టిన తీరు చూసి తీరాలి. హెడ్డు బిగించక ముందే, వెర్నియర్ కాలిపర్స్ తోకను పిస్టన్ నెత్తి మీద ఆనించి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోట కొలత తీసుకున్నారు. అక్కడి నుంచి ఇంజిన్‌ను వెనక్కు తిప్పుతూ, నిప్పురవ్వ పడాల్సిన ఎత్తుకు పిస్టన్‌ను దించి ఆపారు. అంతకు ముందే పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు ఉండేలా సరిచేశారు. ఇక సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం చీలిక ఒకటి పాయింట్ల మధ్య పెట్టి, రెండు వేళ్ళతో సుతారంగా లాగుతూ, రెండో చేత్తో పాయింట్ల పళ్ళేన్ని వెంట్రుకవాసి చొప్పున జరిపారు. కాగితం బిగుసుకుని ఉంది, ఉంది, ఒక్క క్షణంలో జారి చేతిలోకి వచ్చేసింది. పాయింట్లు విడివడటం మొదలైన చోటు అదే. ప్రైమరీ చుట్టలో విద్యుత్తు తెగిపోయేది, ప్లగ్గులో రవ్వ పుట్టేది ఆ తావులోనే. పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన ప్రేరణ చుట్ట పాఠం నా వేళ్ళకు ఆ రోజు తెలిసింది. ఆయన నన్నూ లాగి చూడమన్నారు. కాగితం జారిన క్షణం నా చేతికి తెలిసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా దగ్గరుండి నేర్పారు. జావాలో గేరు మార్చే కడ్డీయే కిక్కు. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కుగా మారుతుంది. కొత్తవాళ్ళు దీని కోసం బండి చుట్టూ వెతుక్కుంటారు. పెట్రోలు కుళాయి తిప్పి, కార్బ్యురేటర్ మీది చిన్న బొడిపెను పెట్రోలు చెమ్మగిల్లేదాకా నొక్కి, తాళం తిప్పి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కొట్టాలి. ఇంజిన్ మేలుకుంది. రెండు సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ షెడ్డు నిండా కమ్మింది. అది బిగించేటప్పుడు పూసిన ఆయిలు కాలడమేనని, కాసేపటికి పలచబడుతుందని ముందే చెప్పారు, అలాగే అయింది. పొగ తగ్గాక ఇంజిన్ ఉన్నట్టుండి తనంతట తాను వేగం పుంజుకోసాగింది. వెంటనే ఆపేశారు. మళ్ళీ నడిపి, కార్బ్యురేటర్ సిలిండరుకు తగిలే అంచు చుట్టూ ఆయిల్ చుక్కలు వేశారు. చుక్క పడిన చోట ఇంజిన్ పాట మారింది. గాలి దూరేది అక్కడే. ఆ అంచు వంగి ఉంది. అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి దాన్ని చదునయ్యేదాకా రుద్ది బిగించారు. ఆ తరువాత ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

ఇక లోపాలు. ఆలస్యం చాలా ఎక్కువ. సంక్రాంతికి ఇస్తానన్న బండి ఉగాది దాటాక వచ్చింది. ఫోను చేస్తే ఎత్తరు. షెడ్డుకు వెళితే బండి ఒక మూల, ఆయన ఏరేటర్ గేరుబాక్సు మీద ఉంటారు. కారణం సబబైనదే. రాత్రిపూట ఏరేటర్ ఆగితే చెరువులో ప్రాణవాయువు తగ్గి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, ఒక కుటుంబం పెట్టుబడి పోతుంది. నా బండి ఆగితే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ సంగతి ముందే చెప్పి, తేదీ ఇవ్వకుండా ఉంటే బాగుండేది. బిల్లు నోటుపుస్తకం చించిన కాగితం మీద ఇస్తారు, విడిభాగాల రసీదులు అడిగితేనే చూపిస్తారు. ముందు బ్రేకు కొత్త లైనింగు వేసినా మొదట్లో పట్టలేదు. మళ్ళీ విప్పి, డ్రమ్ము వంపుకు తగ్గట్టు రుద్ది సరిచేశారు. దానికి డబ్బు తీసుకోలేదు. రిమ్ములకు స్పోకులు కట్టడం, వైరింగు బాగానే చేశారు. హెడ్‌లైటు వెలుగు ఆరు వోల్టులకు ఎంత వస్తుందో అంతే, రాత్రి గట్ల మీద నడపడానికి చాలదు.

విడిభాగాలు, లేతు పని, టైర్లు, బ్యాటరీ, కూలి అన్నీ కలిపి యాభై వేలు దాటింది. పట్నం గ్యారేజీ అడిగిన దానిలో సగం కంటే తక్కువ, అందులోనూ సింహభాగం ఇంజిన్ లోపలికి వెళ్ళింది. మార్చిన ప్రతి పాత భాగాన్నీ సంచిలో వేసి నా చేతికిచ్చారు. గుంటలు పడిన ఆ క్రాంక్ పిన్ను ఇప్పుడు మా పాత పాఠశాల ప్రయోగశాలలో ఉంది.

కాగితాల పని షెడ్డుది కాదు, అయినా అడుగుతారు కాబట్టి చెబుతాను. యజమాని మరణిస్తే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, గడువు దాటిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫారం 25. అన్నయ్య అంగీకార పత్రం ఇచ్చాడు. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కొత్తగా నమోదయ్యే బండి నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, దానికి 20,000 రూపాయలు. కానీ ఆ రిజిస్ట్రేషన్‌తో రోజువారీగా తిరగకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు మాత్రమే. నాకు అంగడికి వెళ్ళే బండి కావాలి. అందుకే మామూలు పునరుద్ధరణే చేయించాను, పాత మూడక్షరాల నంబరు నిలిచింది. ఇంజిన్ మార్చకపోవడం వల్ల తనిఖీలో నంబర్లు రెండూ పుస్తకంతో సరిపోయాయి. ఆ గ్యారేజీ మాట విని ఉంటే ఇక్కడ చిక్కుకునేదాన్ని.

బండిని చించినాడ వంతెన మీదుగా నేనే నడుపుకుంటూ తెచ్చాను. కొత్త పిస్టన్ కదా, వేగం నలభై దాటనివ్వలేదు, లీటరుకు 50 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు. రాజోలులో ఆపి ప్లగ్గు తీసి చూస్తే మొన మీద చక్కటి గోధుమ రంగు. మిశ్రమం సరిపోయిందన్న మాట. గేరు కడ్డీ నొక్కగానే క్లచ్ తానే విడిపోయే ఏర్పాటు ఈ బండిలో ఉంది, పట్టు తెలిస్తే ఎడమ చేతికి పని బాగా తగ్గుతుంది. ఇంధనం విషయంలో మేస్త్రిగారు చెప్పినది పాత బళ్ళున్న వాళ్ళంతా పాటించాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పైపు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించుకోవాలి. బండి కొన్నాళ్ళు తీయరనుకుంటే కుళాయి కట్టేసి, కార్బ్యురేటర్‌లోని పెట్రోలు అయిపోయి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడపాలి.

బండి అద్దంలా మెరవాలనుకునే వాళ్ళకు ఈ షెడ్డు పనికిరాదు. రంగు, క్రోము ఆయన చేయరు, చేసేవాళ్ళ పేర్లూ చెప్పరు. తొందర ఉన్నవాళ్ళు కూడా వెళ్ళకండి. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ ఏదైనా సరే, లోపల ఏమైందో తెలుసుకుని సరిగ్గా నడిపించుకోవాలనుకునే వాళ్ళు తప్పకుండా వెళ్ళండి. వేసవిలో చెరువుల పని ముంచెత్తుతుంది కాబట్టి వానలు పడ్డాక వెళితే మేలు. ఆర్సీ పుస్తకం వెంట తీసుకెళ్ళండి, ముందు నంబర్లు సరిచూశాకే ఆయన పానా పట్టుకుంటారు. కిక్కు మీద మాత్రం ఎవరినీ కాలు వేయనివ్వకండి.